సాంచల మధ్య చెవుల పరీక్ష

కొత్తగా సైన్సు టీచర్లుగా చేరినవాళ్లు అప్పుడప్పుడు కోరుట్లలో మా ఇంటికి వస్తుంటారు. "ముప్పై ఏండ్లు చేసిండ్రు గద సార్, మాకేమన్న చెప్పుండ్రి" అంటారు. నేను గెలిచిన కథలు చెబుతానని వాళ్ల ఆశ. గెలిచినవి ఎవరైనా చెబుతారు. నేను మాత్రం మా బడి పిల్లలు వేసిన ఒక తప్పు లెక్క గురించి, దాన్ని దిద్దుకుంటామంటే అడ్డుపడిన సైన్సు సారు గురించి చెబుతాను. ఆ సారు నేనే. వినేవాళ్లు కొంచెం ఇబ్బందిగా కదులుతారు, పెద్దాయన తన పరువు తనే తీసుకుంటున్నాడేమిటని. ఉద్యోగం ఉన్నన్నాళ్లు కాపాడుకున్న పరువే కదా, ఇప్పుడు దాన్ని ఏ సంచిలో దాచుకోను?

నాది బుగ్గారం. ఉద్యోగం చాలాకాలం కోరుట్లలో, చివరి ఆరేళ్లు సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి దారిలో ఉన్న ఒక సర్కారు బడిలో. ఫిజిక్సు చెప్పేవాణ్ని. కోరుట్లలో ఉండగా నాకొక అలవాటు పడింది. పదో తరగతి అయిన ఆడపిల్లలు ఏ గ్రూపు తీసుకోవాలని అడిగితే ముందు ఇంటి సంగతి అడిగేవాణ్ని. తల్లి బీడీలు చేస్తుంది, తండ్రి తాళ్లెక్కి కల్లు గీస్తాడు అని వినగానే, "సీఈసీ తీసుకో బిడ్డా, ఊళ్లెనే కాలేజీ ఉన్నది, అల్కగ అయితది" అనేవాణ్ని. అది దయ అనుకున్నాను.

కొన్నేళ్లకు ఒక బట్టల దుకాణంలో చొక్కా గుడ్డ కొనడానికి వెళితే, గజం కర్ర పట్టుకున్న అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. నా ఒడ్డూ పొడుగూ ఒక్కసారి చూసి, ఎంత గుడ్డ పడుతుందో, ఏ పన్నా, అంటే ఎంత వెడల్పు అయితే ఎంత మిగులుతుందో నోటి లెక్కన చెప్పేసింది. నేను కాగితం మీద వేసినా అంత తొందరగా తేలదు. "ఇంత లెక్క అస్తదా నీకు?" అన్నాను. "అప్పుడు గూడ అస్తుండె సార్. మీరే అన్నరు గద, సీఈసీ అల్కగ అయితదని. అల్కగనే అయింది" అని నవ్వింది. ఆ గుడ్డ నేను కుట్టించుకోలేదు.

సిరిసిల్లకు బదిలీ అయినప్పుడు ఒకటే పట్టు పట్టాను. ఈ ఆరేళ్లలో సాంచల మీద బతికేవాళ్ల పిల్లలను, బీడీల మీద బతికేవాళ్ల పిల్లలను ఎంతమందిని వీలైతే అంతమందిని సైన్సు వైపు నెట్టాలి. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచలు అంటారు. మా బడి కిటికీలు తెరిస్తే వాటి చప్పుడే, మూస్తే ఉక్కపోత. ఆదివారం పూట బడి తాళం నా దగ్గర పెట్టుకుని, ఇష్టమున్న పిల్లలతో ఏవో ప్రయోగాలు చేయించేవాణ్ని. మా హెడ్మాస్టరు మంచివాడే, కాని ఏ పని చెప్పినా "పైనుంచి కాయిదం అచ్చిందా?" అని అడిగేవాడు. లెక్కల మేడం మాత్రం తన సెలవు పాడుచేసుకుని వచ్చి కూర్చునేది. నాకంటే పదేళ్లు చిన్న. నోరు నాకంటే పదింతలు పదును.

ఆ ఏడు పదో తరగతిలో ఒకమ్మాయి ఉండేది. తండ్రి సాంచలు నడుపుతాడు, తల్లి బీడీలు చేస్తుంది. ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునే పిల్ల కాదు. ఒక ఆదివారం నా దగ్గరికి వచ్చి, "సార్, మా నాయిన ఇంట్ల గూడ గట్టిగ ఒర్రుకుంటనే మాట్లాడుతడు. సాంచల కాడ పనిచేసేటోళ్లందరు గట్లనే. గా చప్పుడుకు చెవులు పోతయా?" అని అడిగింది.

"నువ్వేమనుకుంటున్నవ్?"

"పోతయనే అనుకుంటున్న."

"అనుకుంటే కాదు బిడ్డా, కొలువాలె" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు చాలా గొప్పగా అనిపించింది.

కొలవడానికి మా దగ్గర యంత్రాలేం లేవు. ఒక పద్ధతి అనుకున్నాం. పలక, మేక, తాళం, నీళ్లు వంటి పది మాటలు కాగితం మీద రాసుకోవాలి. కార్ఖానాలో చాయ్ తాగడానికి సాంచలు ఆపి బయటికి వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎదురుగా పది అడుగుల దూరంలో నిలబడి, మెల్లగా ఒక్కో మాట చెప్పాలి. విన్నవాడు తిరిగి చెప్పాలి. ఎన్ని చెబితే అన్ని మార్కులు. పోల్చడానికి తంగళ్ళపల్లి దగ్గర కల్లు గీసేవాళ్లను కూడా అట్లాగే పరీక్షించాలి. ఆ పిల్ల, ఇంకో ఇద్దరమ్మాయిలు కలిసి రెండు నెలలు తిరిగారు. తండ్రి పనిచేసే కార్ఖానా ఆసామి, అంటే ఆ సాంచల యజమాని, మొదట లోపలికి రానివ్వలేదు. లెక్కల మేడం వెళ్లి ఏం మాట్లాడిందో కాని రెండో రోజు అతనే పిల్లలకు స్టూళ్లు వేయించాడు.

లెక్క తేలింది. సాంచల వాళ్లకు దాదాపు అన్ని మాటలూ వినబడ్డాయి. గీతవాళ్ల కంటే వాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చాయి!

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, నేను వెంటనే చార్టు గీయించాను. "సాంచల చప్పుడుతో చెవులకు హాని లేదు" అని పైన పెద్ద అక్షరాలు. ఆ పిల్ల మాత్రం ఆ చార్టు ముందు నిలబడి పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. "గట్లెట్ల సార్? మరి ఎందుకు ఒర్రుతరు?" అంది. "నీ అనుమానం తప్పని తేలింది. సైన్సు అంటే గిదే" అని పాఠం చెప్పాను. రోజంతా తాటిచెట్ల మీద గాలి చప్పుడు తప్ప వేరే చప్పుడు వినని మనిషి కంటే, ఇరవై ఏళ్లు సాంచల మధ్య నిలబడ్డ మనిషికి చెవులు ఎట్లా బాగుంటాయని ముప్పై ఏళ్ల ఫిజిక్సు సారుకు అనుమానం రాలేదు. పదో తరగతి పిల్లకు వచ్చింది.

ఈలోగా ఆమె తండ్రి ఒకసారి బడికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చొక్కా మీద దూది నూగు. నేను ఎంపీసీ గురించి, జగిత్యాలలో హాస్టలు ఉన్న కాలేజీ గురించి, అక్కడే జరగబోయే సైన్సు పోటీ గురించి చెబుతుంటే నా ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా విన్నాడు. సారు మీద ఎంత మర్యాదో అనుకుని మురిసిపోయాను. అంతా అయ్యాక గట్టిగా, పక్క గదికి కూడా వినబడేటట్టు అన్నాడు:

"సైన్సు మనసొంటోళ్లకు పనికస్తదా సార్? హాస్టల్ల ఏసినంక మధ్యల ఇడిసిపెడితే అటు చదువు పాయె, ఇటు పని పాయె. ఒక్కటే మాట. గా జగిత్యాల పోటీల ఫస్ట్ అస్తే ఎంపీసీకి పంపుత. లేకుంటే ఈడనే సీఈసీ."

పిల్ల తల వంచుకుని వింది. బయటికి వెళ్లాక నాతో, "ఫస్ట్ అస్తది సార్" అంది. అడగడం కాదు, చెప్పడం. ఆ ఏడు రెండు జిల్లాలకు కలిపి సైన్సు పోటీ జగిత్యాలలో పెట్టారు. ఎవరూ ఊహించని ఫలితం, రంగు రంగుల చార్టు, చురుకైన పిల్ల. బహుమతి మాదేనని నేను హెడ్మాస్టరుకు చెప్పేశాను. ఆయన కూడా మొదటిసారి కాయిదం అడగకుండా తలాడించాడు.

పోటీకి ఇంక రెండు రోజులు ఉన్నాయనగా, సాయంత్రం ఆ పిల్ల ఇంట్లో తల్లికి సాయంగా తంబాకు జల్లిస్తోంది. ఆ ఘాటుకు తుమ్ములు వస్తాయని చున్నీ ముక్కూ నోరూ కలిపి కట్టుకుంది. తండ్రి పని నుంచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "నాయినా, బువ్వ పెట్టాల్నా?" అని అడిగింది. జవాబు లేదు. మళ్లీ అడిగింది. ఆయన ఆమె వైపే చూస్తున్నాడు కాని పలకడం లేదు. చున్నీ కిందికి లాగి అదే మాట, అంతే మెల్లగా అడిగితే, "పెట్టు, ఆకలైతుంది" అన్నాడు.

ఈ సంగతి మరునాడు పొద్దున్నే బడి గేటు దగ్గర నాకు చెప్పింది. రాత్రంతా ఆలోచించినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తప్పు చేసినం సార్. సాంచలు నడుస్తుంటే ఒకల మాట ఒకలకు ఇనబడది. గందుకే వాళ్లందరు పెదవులు చూసి తెలుసుకుంటరు. మాకందరికి ఎరికనే. నాకు గూడ అస్తది, చిన్నప్పటి సంది నాయినకు సద్ది ఇయ్యవోయి నేర్చుకున్న. మేం ఎదురుంగ నిలవడి అడిగినం. వాళ్లు ఇనలే సార్. చూసిండ్రు."

నేను గేటు పట్టుకుని నిలబడిపోయాను. బయటి ఊరి పిల్లలెవరైనా ఈ పరీక్ష చేసి ఉంటే, పరాయివాళ్ల పెదవులు చదవడం వాళ్లకు కష్టమై కొంతైనా తేడా బయటపడేదేమో. మావాళ్లు సాంచల మధ్య పెరిగిన పిల్లలు. నోరు బాగా తెరిచి, పెదవులు సాగదీసి మాట్లాడడం వాళ్లకు పుట్టుకతో వచ్చింది. ఆ మర్యాదే మా లెక్కను ముంచింది.

ఆ పిల్ల అప్పటికే పని మొదలుపెట్టింది. ఆ రోజు చాయ్ వేళకు ముగ్గురూ కార్ఖానాకు వెళ్లి, దొరికినవాళ్లను దొరికినట్టు మళ్లీ పరీక్షించారు. ఈసారి వెనుక నిలబడి. మధ్యాహ్నం కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అడిగినవాళ్లలో కూడా, విన్న మాటకు టిక్కు పెట్టే గళ్లు సగానికి పైగా ఖాళీగా ఉన్నాయి. ఆమె తండ్రి పేరు పక్కన ఒక్క టిక్కు కూడా లేదు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఆ కాగితాలు మడిచి సొరుగులో పెట్టాను.

"రేపు పోటీ పెట్టుకొని గిప్పుడు మారుస్తమంటే ఎట్ల? అందరిని అడుగలే, సగమే అయింది. ఉన్న చార్టే పట్టుకపోదాం. వచ్చినంక తీరువడిగ సరిచేద్దాం."

"తప్పని తెలిసి ఎట్ల చెప్పాలె సార్?"

"ఫస్ట్ రాకపోతే మీ నాయిన పంపడు. యాది ఉన్నదా?"

"యాది ఉన్నది సార్."

లెక్కల మేడం పక్కనే పేపర్లు దిద్దుతోంది. తల ఎత్తకుండానే, "అనుకుంటే కాదు, కొలువాలె అన్నది ఎవలు సార్? మీరేనా, మీ అసొంటోళ్లు ఇంకెవలన్ననా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు మనదైనప్పుడే కోపం ముందు వస్తుంది. "మీ ఇష్టం ఉన్నట్టు చేసుకోండ్రి!" అని సొరుగు తాళం మేడం ముందు పడేసి బయటికి వచ్చేశాను. అంత పెద్ద మనిషిని, పదిహేనేళ్ల పిల్ల మీద అలిగి బండి కిక్కు కొట్టాను. అది కూడా మూడో కిక్కుకు గాని కదల్లేదు.

తెల్లారి సిరిసిల్ల బస్టాండుకు వెళ్లేసరికి ముగ్గురమ్మాయిలు, మేడం అప్పటికే ఉన్నారు. పాత చార్టు చింపలేదు. దాని మీద మూల నుంచి మూలకు ఎర్ర గీత కొట్టి, పక్కన చేతితో రాసిన కొత్త కాగితం అతికించారు. రంగులు లేవు, బొమ్మలు లేవు. తండ్రి కూడా వచ్చాడు. ఆ రోజు నూలు రాక సాంచలు బందున్నాయట. కొత్త కాగితంలో ఏముందో ఆయనకు తెలియదు. "నాయిన పేరు రాయలే సార్" అని పిల్ల నా చెవిలో చెప్పింది. "ఆసామికి తెలిస్తే నడిపే సాంచలు తక్కువ చేస్తడు, కూలి తగ్గుతది. నేను చెప్ప." వెనుక నుంచి పెట్టిన పరీక్షను చాయ్ తాగుతుండగా ఆటలాగా చేశారు కాబట్టి, ఎన్ని మాటలు తప్పిపోయాయో ఆయనకే తెలియలేదు.

జగిత్యాలలో పెద్ద హాలు. ఒక పక్క రాకెట్లు, ఒక పక్క నీళ్ల ట్యాంకు నిండితే కూతపెట్టే యంత్రాలు. మా బల్ల మీద గీత కొట్టిన చార్టు. చూసినవాళ్లు చూసినట్టే దాటిపోతున్నారు. ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చారు. వాళ్లలో ఒకామె ఏదో కాలేజీలో పరిశోధన చేసే ఆమె, ఒకాయన బాగా గంభీరంగా ఉన్నాడు. ఆయనే అడిగాడు.

"మీ లెక్క తప్పని మీరే రాసుకున్నరు. మార్కులు దేనికేయమంటరు?"

పిల్ల మొదటినుంచి మొదలుపెట్టింది. రెండు నెలలు ఏం చేశారో, ఎక్కడ మోసపోయారో, చున్నీ సంగతి, అన్నీ చెప్పింది. "మా తప్పు మాకు దొరికింది సార్. గదొక్కటే మాకు కచ్చితంగ తెలిసింది" అని ముగించింది. ఒక ఇంట్లో పడ్డ అనుమానం అని చెప్పింది కాని, ఎవరి ఇల్లో చెప్పలేదు.

పరిశోధన చేసే ఆమె ముందుకు వంగింది. "ఇక్కడ చేసి చూపెట్టగలరా? సాంచలు నడిపినవాళ్లు ఎవరైనా వచ్చారా?"

నేను పిల్లనే చూస్తున్నాను. ఒక్క మాట చెబితే చాలు, పోటీ ఆమెదే కావచ్చు. తండ్రి రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఆమె కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, ఆయన ఉన్నవైపు మాత్రం చూడలేదు. "ఎవలు రాలే మేడం" అంది.

అప్పుడు ఆయన కదిలాడు. ఇంతసేపూ కూతురి పెదవుల మీదే చూపు పెట్టి ఒక్కో మాటా పట్టుకున్నాడని అప్పుడర్థమైంది. కుర్చీ ఒకటి తనే లాక్కుని, గోడ వైపు ముఖం పెట్టి, మాకు వీపు చూపించి కూర్చున్నాడు. "నేను నడుపుత మేడం. ఇరవై ఏండ్ల సంది" అన్నాడు. ఎప్పటిలాగే గట్టిగా. పక్క బల్లల దగ్గర ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు.

పిల్ల కాగితం తీసింది. పది అడుగులు వెనక్కి నడిచింది.

"పలక."

ఆయన కదలలేదు.

"మేక."

లేదు.

"తాళం."

ఇంక ఆమె కాగితం చూడలేదు. "నాయినా" అంది. మళ్లీ, కొంచెం గట్టిగా, "నాయినా." ఆ హాల్లో ఉన్న మాకందరికీ వినబడింది. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, బుద్ధిమంతుడైన పిల్లవాడిలా గోడనే చూస్తూ కూర్చున్నాడు. లెక్కల మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

పిల్ల చుట్టూ తిరిగి వెళ్లి ఆయన ముందు నిలబడింది. ఆయన తలెత్తి, "షురూ చేసినవా బిడ్డా?" అని అడిగాడు.

ఫలితం ఎక్కడో మైకులో చెప్పారు, తండ్రికి అది అందినట్టు లేదు. ఫస్ట్ మాకు రాలేదు. నీళ్ల ట్యాంకు యంత్రానికి వచ్చింది. కోరుట్ల పిల్లలు చేశారు, బాగా చేశారు, అన్యాయమేమీ లేదు. సగం మందినే మళ్లీ పరీక్షించారు కాబట్టి లెక్క పూర్తి కాలేదని మా కాగితం మీద రాశారు. అదీ నిజమే. పరిశోధన చేసే ఆమె మాత్రం వెళ్లేముందు పిల్ల దగ్గరికి వచ్చి, మిగతా సగం పూర్తిచేసి తనకు పంపమని చిరునామా రాసిచ్చింది.

తిరుగు బస్సులో తండ్రి ముందు సీట్లో కూర్చున్నాడు. పిల్ల నా పక్కకు వచ్చింది. వేములవాడ దాటాక అడిగింది.

"నిన్న చార్టు మార్చద్దన్నరు గద సార్. ఎందుకన్నరు?"

నీకు తెలియదులే అని దాటేయవచ్చు. ముప్పై ఏళ్లుగా అట్లాంటి జవాబులు చాలా ఇచ్చినవాణ్నే.

"బుగులువడ్డ బిడ్డా, భయమైంది."

"నా గురించా?"

"నీ గురించే అనుకున్న. ఫస్ట్ అస్తదని నలుగురికి చెప్పుకున్న గద. నా గురించి గూడ."

"నేను గూడ బుగులువడ్డ సార్" అంది. నన్ను క్షమించిందో లేదో ఇప్పటికీ తెలియదు. అడగలేదు.

కొత్త టీచర్లకు నేను చెప్పేది ఇదే. పేదింటి పిల్లను సైన్సు వైపు తీసుకుపోవడం అంటే బహుమతి చేతిలో పెట్టడం అని నేను అనుకున్నాను. అందుకే ఆ పిల్ల నిజంగా సైన్సు చేసిన రోజున నేను అడ్డం నిలబడ్డాను. వాళ్లకు దారి చూపించండి, సరే. వాళ్లు నడవడం మొదలుపెట్టాక పక్కకు జరగడం కూడా నేర్చుకోండి. రెండోది కష్టం. ఆ తర్వాత ఆసామి ఆమె తండ్రికి రెండు సాంచలు తగ్గించిన మాట నిజమే. అంత చూపున్న పనివాడు దొరక్క కొన్నాళ్లకు మళ్లీ ఇచ్చిన మాట కూడా నిజమే.

ఆ సాయంత్రం సిరిసిల్ల బస్టాండులో దిగాం. తండ్రి మా పోటీ సామాను మూట భుజానికి ఎత్తుకుంటూ, "సార్, గా జగిత్యాల కాలేజీ కాయిదాలు రేపు ఇస్తరా? సంతకం వెడుత" అన్నాడు.

నాకు ఆనందం పట్టలేదు. అయినా నోరు ఊరుకోదు కదా. ఆయన అప్పటికే మూట సర్దుకుంటూ అటు తిరిగాడు. ఆ వీపుతోనే, "ఫస్ట్ రాలే గదా?" అన్నాను. వినబడలేదు.

ఆ పిల్లకు వినబడింది. గమ్మున ఊరుకుంటే ఆమె చదువు ఆమెకు దక్కినట్టే. ఊరుకోలేదు. తండ్రి ఎదురుగా వెళ్లి నిలబడి, మాట మాట విడివిడిగా, నోరు బాగా తెరిచి చెప్పింది.

"నాయినా. ఫస్ట్ రాలే."

ఆయన ఆమె పెదవులు చూశాడు. మూట కింద పెట్టాడు.

"ఇరవై ఏండ్ల సంది నా చెవులు పోతుంటే ఒక్కడు చెప్పలే. డాక్టరు చెప్పలే, ఆసామి చెప్పలే, నాకే తెల్వలే. నువ్వు చెప్పినవ్. ఇంకెవలకు అస్తదే ఫస్ట్?"